ఓబులమ్మ అద్దిన పటాలు

మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే ఓబులమ్మ ఒక రాజుగారి కొలువులో ఊళ్ల పటాలు గీసేది. మూడువందల ఊళ్లు, ప్రతి పటంలోనూ అవే బావులు, అవే తాటిచెట్లు. గీసి గీసి వేళ్లు కొంకర్లు పోయాయి. చివరికి దేవుడికి దణ్ణం పెట్టుకుని, చీరలకు అద్దకం వేసేవాళ్ల దగ్గర కొయ్య అచ్చులు చెక్కడం నేర్చుకుంది. బావికొకటి, చెట్టుకొకటి చెక్కుకుని, ఏడాది పని నెలలో ముగించింది.

పటాల అధికారి విస్సన్న మండిపడ్డాడు. "చేత్తో గీయమంటే అచ్చు గుద్దుతావా? గుద్దింది చెల్లదు. రేపట్నుంచి రాకు!" అని ఆజ్ఞాపత్రం చేతిలో పెట్టాడు.

ఆ కొలువే ఆమెకు కూడు. మర్నాడు మామూలుగానే వచ్చి కూర్చుంది. అప్పుడే రాజుగారు పటాలు చూడవచ్చారు.

"పత్రం చదవలేదా?" గద్దించాడు విస్సన్న.

"చదివానయ్యా. కింద తమరి చేవ్రాలు లేదు, ఉంగరం ముద్ర గుద్దారు. గుద్దింది చెల్లదన్నారుగా, అందుకే వచ్చాను. చెల్లుతుందంటే నా పటాలూ చెల్లినట్టే. మరి నన్నెందుకు పొమ్మన్నట్టు?"

రాజుగారు నవ్వాపుకుంటూ విస్సన్న వైపు తిరిగారు. "ఏమయ్యా, చెల్లుతుందా, చెల్లదా?"

విస్సన్న ఉంగరం వేలు ఉత్తరీయంలో దాచుకున్నాడు.

"పటాలు చక్కగా ఉన్నాయి ప్రభూ!"