మొహమాటం ఏలిన రాజ్యం

అనగనగా పొగడపురమనే రాజ్యం. ఆ రాజ్యానికి కోట ఉంది, ఏనుగులున్నాయి, రాసిపెట్టిన చట్టం మాత్రం లేదు. అంతా ఆనవాయితీ.

రాజు ఏదైనా కొత్త పని చేస్తే సభలో నగారా కొట్టేవారు. అది మోగుతున్నంతలో ఎవరైనా "కాదు" అంటే ఆ పని చెల్లదు. ఎవరూ అనకపోతే ఇక అదే ఆనవాయితీ. కాదనే హక్కు సభలో ఉన్న ప్రజలదే, రాజుకు లేదు. తన పనిని తానే తూచుకోకూడదు కదా!

పద్ధతి మంచిదే. కానీ పొగడపురం వాళ్లకు మొహమాటం జాస్తి. పాయసంలో ఉప్పు పడినా బాగుందని తాగి లేచే రకం.

విజయకేతుడు కొత్తగా రాజయ్యాడు. ఏటేటా జరగాల్సిన మహాసభను ఆ ఏడు జరపనన్నాడు. నగారా మోగింది. 'పాపం, కొత్త రాజు. మొదట్లోనే నొప్పించడం దేనికి?' అనుకున్నాడు వృద్ధమంత్రి సోమయామాత్యుడు. మిగతావారూ అంతే.

తరవాత రాజు తన బావమరిది భద్రసేనుణ్ణి న్యాయాధికారిని చేశాడు. రాజబంధువు తీర్పులు చెప్పకూడదన్నది తాతలనాటి మాట. నగారా మోగింది. 'రాజు ముందు ఆయన బావమరిదిని ఏమంటాం?' అని అందరూ పైకప్పు చూశారు.

మూడోసారి గొర్రెలు మేసే ఉమ్మడి బీడును ఏనుగుల మేతకు తీసుకున్నాడు. 'మనకు గొర్రెలు లేవుగా' అనుకుంది సభ.

గొర్రెలున్న బీరమ్మ ఆ రోజు సభలో లేదు. బీడు తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. సంగతి తెలిసి పరుగున వచ్చింది.

"కాదు! ఆ బీడు మాది" అంది.

"నగారా ఆగిపోయిందమ్మా. భద్రసేనుల వారు తీర్పు కూడా చెప్పేశారు" అన్నాడు సోమయామాత్యుడు, నేల చూపులు చూస్తూ.

బీరమ్మకు ఒళ్లు మండింది. ఇంటికి పోలేదు. "నా బీడు సంగతి తేలేదాకా ఇక్కడే ఉంటాను" అని సభలో ఒక స్తంభం దగ్గర కూర్చుంది. పొమ్మనడానికీ అందరికీ మొహమాటమే.

ఒకనాడు రాజు వేట నుంచి తిరిగొచ్చేసరికి సింహాసనం మీద భద్రసేనుడున్నాడు.

"లేవయ్యా, ఏమిటీ పరాచికం?" అన్నాడు రాజు.

"పరాచికం కాదు బావగారూ. మీరే రాజని ఎక్కడ రాసి ఉంది? అదీ ఆనవాయితీయే కదా. ఇవాళ్టి నుంచి మారుస్తున్నాను. కొట్టండిరా నగారా!"

నగారా మోగింది. కాదనే హక్కు తనకు లేదు కనక రాజు ఒక్కొక్కరి ముఖం వంకా చూశాడు. అందరూ పైకప్పు చూస్తున్నారు.

బీరమ్మకు లోలోపల సంతోషమే కలిగింది. 'అనుభవించు' అనుకుంది. కానీ ఈ అన్యాయమూ ఆనవాయితీ అయితే రేపు ఎవరి ఇల్లు ఎవరిదో చెప్పేదెవరు? లేచి నిలబడింది.

"కాదు! ఈ రాజు నాకు అన్యాయం చేశాడు. ఈయనంటే నాకు గిట్టదు. అయినా తప్పు తప్పే. కాదు!"

నగారా ఆగింది. భద్రసేనుడు దిగక తప్పలేదు.

రాజు కళ్లు తుడుచుకున్నాడు. "తల్లీ, నీ బీడు నీకిచ్చేస్తున్నాను."

"మీరిచ్చేదేముంది దొరా, అది మాదే. ఇవాళ మీరు మనసు కరిగి ఇస్తారు. రేపు ఇంకొకరు లాక్కుంటారు. రాజు ఏం చెయ్యొచ్చో, ఏం చెయ్యకూడదో రాతి మీద చెక్కించండి. నలుగురూ తిరిగే సంతలో నిలబెట్టండి."

"తాతల కాలం నుంచి లేని రాత ఇప్పుడెందుకమ్మా? నమ్మకం మీద నడిచిన రాజ్యం మనది" అన్నాడు సోమయామాత్యుడు.

"ఆ నమ్మకమే ఇందాక పైకప్పు చూస్తూ కూర్చుంది కదయ్యా!"



మహాసభ పిలిచారు. వాదించారు, అలిగారు, మళ్లీ వచ్చి వాదించారు. చివరికి శాసనం చెక్కించారు. ఏటా మహాసభ జరగాలి. రాజబంధువు తీర్పు చెప్పరాదు. ఉమ్మడి భూమిని వాడుకునేవారు ఒప్పుకోనిదే తీసుకోరాదు. అన్నిటికన్నా పైన, ఊరుకోవడం ఒప్పుకోవడం కాదు, ఒప్పుకున్నవారు నోటితో చెప్పాలి అని చెక్కారు.

మరుసటేడు కరువొచ్చింది. రాజు మహాసభలో లేచి, "ఏనుగులు పస్తులుంటున్నాయి. బీడులో సగమైనా ఇస్తారా?" అని అడిగాడు.

సభలో చప్పుడు లేదు. అలవాటు కొద్దీ తలలు పైకి లేచాయి. అప్పుడు సోమయామాత్యుడు లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, అడగాల్సింది మమ్మల్ని కాదు, గొర్రెలవాళ్లని. వాళ్లు ఒప్పుకోలేదు. కనక... కాదు."

పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. రాజు తల వంచి కూర్చున్నాడు. ఏనుగులను అడవికి తోలించాడు.

నీతి: మొహమాటానికి వదిలేసిన హక్కు నిలవదు, దాన్ని పదిమందీ చూసేలా రాసుకోవాలి, వేళకు నోరు విప్పి కాపాడుకోవాలి.