దాలయ్య రెండు ఊపిర్ల బండి

అనగా అనగా, పెట్రోలు ఇంకా పోని రోజుల్లో, కరెంటు ఇంకా పూర్తిగా రాని రోజుల్లో, ఆ రెంటి నడుమ ఒక కాలం ఉండేదట. ఆ కాలంలో రెండూ తాగే కార్లుండేవట. గోడకి తీగ తగిలిస్తే కరెంటు తాగేవి. ట్యాంకు నింపితే పెట్రోలు తాగేవి. ఒకటి అయిపోతే రెండోదాని మీద నడిచేవి. కొండవాళ్ళు వాటిని రెండు ఊపిర్ల బండ్లు అనేవారు.

అలాంటి బండి ఒకటి చింతలమెట్ట ఆసుపత్రికి వచ్చింది. ఆసుపత్రంటే ఎంత? నాలుగు గదులు, ఒక డాక్టరమ్మ. ఆవిడ పేరు సుభద్రమ్మ. ఆవిడ తాళంచెవి తెచ్చి దాలయ్య చేతిలో పెట్టింది. దాలయ్య అంతకుముందు ఆసుపత్రి జీపు తోలినవాడు. చదువు తక్కువ, మాట తక్కువ. బండి తోలడం తప్ప వేరే పని రాదు.

మొదటి ఏడాది దాలయ్య మురిసిపోయాడు. పొద్దున్నే తీగ పెట్టేవాడు, చప్పుడు లేకుండా కొండలు ఎక్కి దిగేవాడు.

"ఎనిమిది నెలలైంది అమ్మగోరూ! సుక్క పెట్రోలు కాల్చనేదు," అని గొప్పగా చెప్పేవాడు.

ఒకనాటి మధ్యాహ్నం, మూడు కొండల అవతలి ఊరి నుంచి ఒక నిండు గర్భిణిని తీసుకొస్తున్నాడు. రెండో కొండ మీద కరెంటు అయిపోయింది. ఇంజను అందుకోవాలి. ఒకసారి దగ్గింది. మళ్ళీ దగ్గింది. మూడోసారి దగ్గి ఊరుకుంది. ఎనిమిది నెలలుగా ట్యాంకులో పడి ఉన్న పెట్రోలు చెడిపోయింది మరి.

గర్భిణి వెంట వచ్చినవాళ్ళు కర్రకి దుప్పటి కట్టి డోలీ చేశారు. కర్ర ఒక కొస దాలయ్య భుజాన వేసుకున్నాడు. మూడు మైళ్ళు మోశారు. తల్లీ బిడ్డా దక్కారు. కానీ దారి పొడుగునా ఆ తల్లి పెట్టిన కేకలు దాలయ్య చెవుల్లోంచి పోలేదు.

"తప్పు బండిది కాదు అమ్మగోరూ. దాని రెండో ఊపిరి నేనే మూసేశాను," అన్నాడు, తల వంచుకుని.

డాక్టరమ్మ తిట్టలేదు. బండి అరలోంచి లావుపాటి పుస్తకం బయటికి తీసింది. అంతా ఇంగ్లీషు.

"ఆదివారం రా దాలయ్యా. చదివి చెబుతాను. నాకు మాత్రం ఏం తెలుసు? నేనూ నేర్చుకుంటాను."

మూడు ఆదివారాలు ఆవిడ చదివింది, మూడు ఆదివారాలు దాలయ్య విన్నాడు.

మొదటి ఆదివారం పెట్రోలు సంగతి. అవసరం ఉన్నా లేకపోయినా వారానికోసారి ఇంజను తిప్పాలి. పాత పెట్రోలు ఖర్చవ్వాలి, కొత్తది పడాలి. ఇంజను తక్కువ తిరిగింది కదా అని ఆయిలు మార్చడం మానకూడదు.

రెండో ఆదివారం బ్రేకుల సంగతి. దిగుడులో ఊరికే బ్రేకు తొక్కకూడదు. యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే చాలు, చక్రాలే బ్యాటరీకి కరెంటు తిరిగి ఇస్తాయి. కానీ బొత్తిగా వాడకపోతే బ్రేకులకు తుప్పు పడుతుంది. అందుకని వాటికీ అప్పుడప్పుడు పని చెప్పాలి.

మూడో ఆదివారం గాలి సంగతి. వెనక సీటు కింద జల్లెడ లాంటి ఒక చిన్న జాలీ ఉంటుంది. బ్యాటరీకి చల్లగాలి దాని గుండానే పోవాలి. అది మూసుకుపోతే బ్యాటరీ లోపల్లోపలే ఉడికిపోతుంది.

దాలయ్యకి మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు. వారం వారం ఇంజను తిప్పాడు. వారం వారం మోకాళ్ళ మీద కూర్చుని జాలీ తీసి దులిపాడు. బండిని ఎండలో పెట్టకుండా రేకుల పంచ కింద పెట్టాడు. బండి నడిచింది.

లక్ష కిలోమీటర్లు నడిచింది. పెద్దాఫీసు నుంచి అధికారి వచ్చాడు. ఆయన పేరు జగన్నాథరావు.

"పాతబడిపోయింది. తీసేద్దామా?"

"బండి అలిసిపోతే నాకు సెప్తాది బాబూ. ఇంకా సెప్పనేదు."

రెండు లక్షలు నడిచింది. జగన్నాథరావు మళ్ళీ వచ్చాడు.

"ఇంకా దీన్నే తోలుతున్నావా?"

"బండి అలిసిపోతే నాకు సెప్తాది బాబూ. ఇంకా సెప్పనేదు."

మూడు లక్షలు నడిచింది. ఈసారి ఆయన చేతిలో కాగితం ఉంది. నెలాఖరుకి బండిని తుక్కు కింద తోలెయ్యాలని అందులో రాసి ఉంది.

"ఒకప్పుడు ఒక్క చార్జింగుతో నలభై కిలోమీటర్లు పోయేదట. ఇప్పుడెంత పోతోంది? నిజం చెప్పు."

"పదిహేడు బాబూ. దాచను. బ్యాటరీ బలం తగ్గింది. ఇంజను మాత్రం గట్టిగా ఉంది. బండి అలిసిపోయానని నాకింకా సెప్పనేదు."

"కాగితం వచ్చేసింది దాలయ్యా. నా చేతుల్లో లేదు," అని ఆయన వెళ్ళిపోయాడు.

ఆ నెలలోనే తుపాను వచ్చింది. వస్తుందని తెలియగానే దాలయ్య ట్యాంకు నిండా పెట్రోలు పోయించాడు. గాలికి స్తంభాలు పడిపోయాయి. ఆసుపత్రి జనరేటరు నీళ్ళలో మునిగింది. లోపల నెలలు నిండకుండా పుట్టిన పాప ఒకతె ఉంది. గుప్పెడంత పాప. ఆక్సిజన్ మిషను ఆగితే ఆ పాప ఆగిపోతుంది.

దాలయ్య బండిని వరండా పక్కకి తెచ్చాడు. పొగ లోపలికి పోకుండా వెనక భాగాన్ని బయటికి తిప్పి పెట్టాడు. బండిలో ఉన్న ప్లగ్గు నుంచి కిటికీలోకి తీగ లాగాడు. మిషను గుర్రుమంది. పాప చిన్ని ఛాతీ లేచి పడింది. కరెంటు తగ్గినప్పుడల్లా ఇంజను తనంతట తనే లేచేది, బ్యాటరీ నింపేది, పడుకునేది. లేచేది, నింపేది, పడుకునేది.

రెండో రోజు పొద్దున బండిలో ఎర్రదీపం వెలిగింది. బ్యాటరీ వేడెక్కుతోంది. దాలయ్యకి అర్థమైంది. తుపాను గాలికి తడిసిన ఆకులు, చెత్త, తీగ కోసం దించిన బండి అద్దంలోంచి లోపలికి కొట్టుకొచ్చి జాలీకి అతుక్కున్నాయి.

"అమ్మగోరూ, బండి ఒక్క నిమిషం ఆపాలి."

"ఆపితే మిషను ఆగుతుందయ్యా!"

"ఆపకపోతే సాంతం ఆగిపోద్ది అమ్మగోరూ."

డాక్టరమ్మ రబ్బరు బుడగ తెచ్చి పాప ముక్కుకి ఆనించింది. "ఆపు," అంది. చేత్తో ఊపిరి పోస్తూ పైకే లెక్కపెట్టింది. ఒకటి... రెండు... మూడు...

దాలయ్య సీటు ఎత్తాడు. సీటు కింద చీకటి, అయినా చూడక్కర్లేదు, ఆ మూల అతని వేళ్ళకి తెలుసు. జాలీ ఊడదీశాడు. తల గుడ్డతో తుడిచాడు. ఇరుక్కున్న ఆకులు గోళ్ళతో లాగాడు. వేలు తెగింది, చూసుకోలేదు. మళ్ళీ బిగించాడు. డాక్టరమ్మ తొంభై ఆరు అనేసరికి బండి లేచింది. మిషను గుర్రుమంది. ఎర్రదీపం ఆరింది.

మూడో రోజు మధ్యాహ్నం లైన్‌మెన్లతో కలిసి జగన్నాథరావు బురదలో నడుచుకుంటూ వచ్చాడు. కిటికీలోకి పోతున్న తీగ చూశాడు. తీగ వెంబడే లోపలికి వెళ్ళి పాపను చూశాడు. బయటికి వచ్చి బానెట్టు మీద చెయ్యి వేశాడు.

"ఏమంటోంది దాలయ్యా?"

"ఇంకా సెప్పనేదు బాబూ."

తుక్కు కాగితం ఏమైందో ఎవరికీ తెలియదు. బండికి మాత్రం కొత్త బ్యాటరీ వచ్చింది. మరో రెండు లక్షల కిలోమీటర్లు నడిచింది. బండి కంటే ముందు దాలయ్యే అలిసిపోయాడు. మూడు రోజులు జ్వరంతో పడుకుని, నాలుగో రోజు కన్నుమూశాడు. మూడు కొండల జనం దిగి వచ్చారు.

ఆ తర్వాత తాళంచెవి అతని మేనకోడలు సూరిడమ్మ తీసుకుంది. దసరా వచ్చింది. బండికి పూజ చెయ్యాలి. ముందు కడిగి శుభ్రం చేద్దామని సూరిడమ్మ వెనక సీటు ఎత్తింది, జాలీ తీసింది. తీసి, అలాగే కూర్చుండిపోయింది.

జాలీ వెనక రేకు మీద పసుపూ కుంకుమా ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి, ఎన్నో ఏళ్ళవి, ఎండి అట్టకట్టి వేలి మందాన ఉన్నాయి. ఏటేటా దాలయ్య ఎవరికీ చెప్పకుండా అక్కడ కూడా బొట్టు పెట్టేవాడన్నమాట.

డాక్టరమ్మని పిలిచింది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని వంగి చూసింది. ముసలి వేలితో తనూ ఒక బొట్టు పెట్టింది.

అప్పటి నుంచి ఇప్పటి దాకా ఆ కొండల్లో దసరా వస్తే బండికి మొదటి బొట్టు ముందు వైపు పెట్టరు. ఆటో కానివ్వండి, బస్సు కానివ్వండి, సీటు ఎత్తి, ఎవరికీ కనపడని మూల శుభ్రంగా తుడిచి, అక్కడ పెడతారు. దాన్ని దాలయ్య బొట్టు అంటారు. ఎవరైనా చేతులు దులుపుకుని పనంతా అయిపోయిందంటే, పెద్దవాళ్ళు ఈ రోజుకీ ఒకటే అడుగుతారు: "దాలయ్య బొట్టు పెట్టే వచ్చావా?"

పెట్టకపోతే, మారు మాట్లాడకుండా వెనక్కి వెళ్తారు.