అంకమ్మ పీట

మా ఊరి కరెంటు మేస్త్రి దావూదు ఎవరేమడిగినా నోటితో జవాబు చెప్పడం అరుదు. టెస్టరు జేబులో పెట్టుకుని లేచి నడుస్తాడు. అడిగినవాడు వెనకాల పోవాలి. ఎండకు జంకి మధ్యలో ఆగిపోయినవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒకరు ప్రస్తుతం మా సర్పంచి.

ఆయన దగ్గర ఆరేళ్ళుగా పని నేర్చుకుంటున్న చెంచయ్య ఒక ఉదయం అడిగాడు: "మేస్త్రి గారూ, ఇడ్లీల అంకమ్మ ఇంట్లో పాత రెండు కన్నాల సాకెట్టు తీసి నిన్న మూడు కన్నాలది బిగించాను. ఆ గోడలో ఉన్నవి రెండు తీగలే. ఎర్తు తీగ లాగాలంటే గోడ చెక్కాలి, దొడ్లో గొయ్యి తీయాలి. అందుకని ఎర్తుకుండాల్సిన మూడో కన్నం వెనక ఖాళీగా వదిలేశాను. ముందూ ఎర్తు లేదు, ఇప్పుడూ లేదు. ప్రమాదమేమీ పెరగలేదు కదా, ఇందులో నా తప్పేముంది?"

మేస్త్రి లేచాడు.

అంకమ్మ గ్రైండరు సంగతి ఊరందరికీ తెలుసు. తడిచేత్తో ముట్టుకుంటే జిల్లుమంటుంది. అందుకే ఆమె పదకొండేళ్ళుగా చెక్కపీట మీద నిలబడి తప్ప దాని స్విచ్చి వేయలేదు. పీట ఎక్కితే గానీ పిండి రుబ్బదని మేమంతా నవ్వేవాళ్ళం. ఇడ్లీలు మాత్రం మానలేదు.

వీళ్ళు వెళ్ళేసరికి ఆమె నానిన పప్పు కడుగుతోంది. నేలంతా నీళ్ళు. మేస్త్రిని చూసి, చెయ్యి తుడుచుకోకుండానే ఆ పీట తెచ్చి గడప దగ్గర వాల్చింది.

"కూర్చో అన్నా. ఇక దీంతో నాకేం పని? మన చెంచయ్య మూడు కన్నాలు పెట్టాడుగా, ఇక షాకు కొట్టదు. ఇన్నాళ్ళకు ఒక్క పని సరిగ్గా చేశావురా నాయనా."

మేస్త్రి కూర్చోలేదు. అంకమ్మ వట్టికాళ్ళతో తడినేల మీదికి వెళ్ళి, ఒక చెయ్యి గ్రైండరు మీద ఆనించి, రెండోది స్విచ్చికి చాపింది.

"పిన్నీ, ఆగు!"

చెంచయ్య పప్పు గిన్నె తన్నుకుంటూ పోయి మెయిను దించేశాడు. తన పెళ్ళిముహూర్తం దాటిపోతున్నా అంత తొందరపడని మనిషి. దించిన చెయ్యి మెయిను మీదే ఉండిపోయింది.

"పప్పంతా నేలపాలు చేశావు కదరా! ఏమొచ్చింది నీకు?" అంది అంకమ్మ.

అతను మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి పీట తీసుకెళ్ళి గ్రైండరు ముందు, ఎప్పుడూ ఉండేచోట వేశాడు. తర్వాత చెంచయ్య సంచిలోంచి పాత సాకెట్టు తానే తీసి అతని చేతికిచ్చాడు.

"గొయ్యి తీసి ఎర్తు తీగ లాగేదాకా గోడకు ఇదే ఉండాలి," అన్నాడు. "దీంతోపాటు ఈవిడ భయాన్ని కూడా పీకేశావు చెంచయ్యా. ముందది బిగించు."