ఎండమావి వెనకడుగు

మబ్బమ్మా మబ్బమ్మా, కొంగు దులుపమ్మా
కొర్రగింజ కళ్లు తెరిచి...

ఆ పైన సుంకులవ్వకు రాదు. చిన్నప్పుడు వాళ్లమ్మ చేలో గింజలు వేస్తూ పాడిన పాట అది. అమ్మ పోయి అరవై ఏళ్లయింది. పాటలో సగం అమ్మతోనే పోయింది. మిగిలిన సగాన్నే అవ్వ తిప్పి తిప్పి పాడుకునేది.

ఒకప్పుడు, ఈ సుంకులవ్వ కాలంలో, ఎండమావి ఇప్పటిలా పారిపోయేది కాదు. ఊరి బయట బీడులో, తడి చీర ఆరేసినట్టు తళతళలాడుతూ ఉన్నచోటే ఉండేది. ఎవరైనా నడిచి వెళ్లి అందులో దిగొచ్చు. దిగినవాళ్లకు మనసులో ఏముంటే అదే కనబడేది.

ఇంకేం, ఊరు ఊరంతా అక్కడే! బట్టతల గిడ్డయ్యకు అందులో కాలు పెట్టగానే భుజాల దాకా జుట్టు. ఉరుకుందమ్మకు చెప్పిన మాట వినే కోడళ్లు పదిమంది. ఆమె సొంత కోడలు ఈరమ్మ రెండు బారల దూరంలోనే కూర్చునేది. ఈరమ్మకేమో అందులో అసలు అత్తే లేదు! సుంకులవ్వ కొడుకు భీమలింగడైతే ఏనుగెక్కి ఊరేగేవాడు.

పొద్దు వాలాక అందరూ కాళ్లీడ్చుకుంటూ ఇళ్లకొచ్చేవాళ్లు. అక్కడ తిన్న విందుకు కడుపు నిండదు కదా.

"అమ్మా, సంగటుందా?" అని అడిగేవాడు ఏనుగు దిగొచ్చిన రాజు.

"ఉంది నాయనా, ఈ పూటకు. గాదెలో కొర్రలు అడుగంటినాయి. వానొస్తే విత్తే ఆ మూడు రోజులు మాత్రం యాడికీ పోవద్దురా."

"పోనులేమ్మా."

వాన రానే వచ్చింది. రాత్రంతా కురిసింది. పొద్దున్నే మట్టి పిడికిట పడితే లడ్డూలా నిలిచింది. ఆ పదును మూడు రోజులు ఉంటుంది. ఆ లోపలే విత్తాలి. ఆరిపోయిన నేలలో గింజ మొలవదు, మొలవకపోతే ఏడాదంతా పొయ్యి వెలగదు. అవ్వ విత్తనాలు సిద్ధం చేసింది. విత్తనాలేసే గొర్రు మీదుండే కొయ్యగిన్నెలో, అదే జడ్డిగంలో, గింజలు తాను పోస్తుంది. మరి ఎద్దుల్ని తోలేది కొడుకే కదా!

"రేపు విత్తుదాంలేమ్మా. ఈరోజు నాకు అక్కడ పట్టాభిషేకం" అన్నాడు భీమలింగడు.

రెండో రోజు అడిగితే, "పట్టాభిషేకమైన రాజుకు పెళ్లి చేయరా ఏంది?" అన్నాడు.

మూడో రోజు చెప్పకుండానే పోయాడు.

"వీడి చెవి పట్టుకుని లాక్కొస్తా" అని అవ్వ కర్ర పట్టుకుని బయలుదేరింది. అంతవరకు ఆమె ఎన్నడూ ఎండమావిలో దిగలేదు. పనితోనే సరిపోయేది పాపం.

దిగింది. దిగ్గానే మోకాళ్ల నొప్పి పోయింది. చేతిలో కర్ర లేదు. వీపు మీద జడ ఊగుతోంది. తొమ్మిదేళ్ల పిల్ల అయిపోయింది! ఎదురుగా అమ్మ. ఒడి నిండా గింజలు, నోటి నిండా పాట.

"మబ్బమ్మా మబ్బమ్మా, కొంగు దులుపమ్మా, కొర్రగింజ కళ్లు తెరిచి..."

అమ్మ అక్కడ ఆగింది.

"తర్వాత ఏందమ్మా?" అంది సుంకులు, ఆత్రంగా.

అమ్మ నవ్వి మళ్లీ మొదటినుంచి అందుకుంది. మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారీ అంతే.

అవ్వకు అప్పుడర్థమైంది. 'నాకు రాని మాట ఈ అమ్మకూ రాదు. ఈమె మా అమ్మ కాదు. నా దగ్గర మిగిలిన అమ్మ.'

అయినా ఆ అమ్మ కొంగు పట్టుకుని కాసేపు నిలబడింది. ఆ తర్వాత గట్టిగా పిలిచింది.

"ఏమే ఎండమావీ! ఇట్లా రా!"

వణికే వెలుతురులా ఒక పిల్ల వచ్చి నిలబడింది. "ఏందవ్వా, బాగాలేదా? అమ్మను ఇంకొంచెం పొడుగు చెయ్యనా?"

"చక్కగా చేసినావు తల్లీ. చెంప మీది పుట్టుమచ్చ కూడా పెట్టినావు. కానీ బయట పదును ఆరిపోతోంది. ఈ పొద్దు దాటితే ఊరికి ఏడాదంతా తిండి లేదు."

ఎండమావి మొహం చిన్నబోయింది. "నాకేం తెలుసవ్వా? వచ్చినవాళ్లంతా 'ఇంకాసేపు, ఇంకాసేపు' అనేవాళ్లే. వానొచ్చిందని ఒక్కరన్నా చెప్పలేదు. ఇప్పుడు పొమ్మనాలంటే నాకు నోరు రాదు."

"పొమ్మనొద్దు. నువ్వే వెనక్కి జరుగు."

"జరిగితే వెంటపడతారు."

"పడనీ. చేల మీదుగా జరుగు."

"మరి మీ అమ్మో?"

అవ్వ అమ్మ మొహం ఇంకోసారి చూసుకుంది. కొంగు మెల్లగా వదిలింది. "జరుగు తల్లీ" అంది.

ఎండమావి జరిగింది. ఏనుగు కిందనుంచి జారిపోయి భీమలింగడు దబ్బున కూలబడ్డాడు. "నా జుట్టు! నా జుట్టు!" అంటూ గిడ్డయ్య పరుగు. అందరూ వెనకే పరుగు. అది జరుగుతూనే ఉంది. వీళ్లు ఉరుకుతూనే ఉన్నారు. ఉరికి ఉరికి ఒక్కసారిగా చీలమండల దాకా తడి మట్టిలో దిగబడ్డారు. చూస్తే ఎవరి చేను వాళ్ల ముందు! మట్టి వాసన గుప్పుమంది. కడుపులు గుర్రుమన్నాయి.

ఉరుకుందమ్మ పక్కకు చూసింది. "నువ్వేందే ఇక్కడ?"

"మీరు లేనిచోటు వెతుక్కుంటా వచ్చినా అత్తా" అంది ఈరమ్మ.

"నేనూ అంతేలే. సరే, రా, జడ్డిగం పట్టు."

"ఏంరా రాజా, కూర్చునే విత్తుతావా? ఎద్దుల్ని కట్టు" అంది వెనకే వచ్చిన సుంకులవ్వ, మట్టిలో చతికిలబడ్డ కొడుకుతో. రాజు సిగ్గుపడి లేచాడు. పొద్దు వాలేసరికి ఊరి గింజంతా నేలలో పడింది.

అప్పటినుంచే ఎండమావి ఎండపూట దూరాన తళతళలాడుతుంది. మనం ఒక అడుగు ముందుకేస్తే తాను ఒక అడుగు వెనక్కేస్తుంది. ఎంతసేపైనా చూడనిస్తుంది, దిగనివ్వదు. ఆ రోజు సుంకులవ్వనూ అట్లాగే దిగనివ్వలేదు. పని ముగించి, గట్టు చివర నిలబడి, ఆగలేక ఆమె ఒక్క అడుగు ముందుకేసింది.

"రాకవ్వా" అంది ఎండమావి. "నువ్వొస్తే నేను పోవాలి, నాతోపాటు మీ అమ్మా పోవాలి. అక్కడే నిలబడి చూసుకో."