మా కాడేమయ్యా చెట్టు

అనగనగా ఒక కొండూళ్ళో నూకాలని ఒకావిడ ఉండేది. ఊఁ కొట్టాలి బుజ్జీ, లేకపోతే నేను ముసుగుతన్ని పడుకుంటా!

ఒకసారి నూకాలు సంతకెళ్ళి ఒక మొక్క తెచ్చింది. మొక్కలమ్మే అతను దాని పేరు మకడేమియా, పరదేశపు కాయల చెట్టు అన్నాడు. నూకాలు చెవికి అది "మా కాడేమయ్యా" అని వినబడింది. నవ్వకు, మొన్న బ్రోకలీని రోకలి అన్నదెవరూ?

ఆ తర్వాత దాన్ని పెరట్లో నాటింది. వేళ్ళు పైపైనే పాకుతున్నాయని చుట్టూ ఎండుటాకులు కప్పింది. గాలికి ఒరిగిపోకుండా కర్ర కట్టింది. మూడేళ్ళయింది, కాయ లేదు. ఐదేళ్ళయింది, కాయ లేదు. పక్కింటి పోలమ్మ గోడమీంచి తొంగిచూసి, "మీ కాడేముందే నూకాలూ? ఆకులేగా!" అని రోజూ ఎకసెక్కం. నూకాలుకి ఏడుపొచ్చేది.

ఏడో ఏడు తెల్లటి పూలు జడకుచ్చుల్లా వేలాడాయి. అబ్బబ్బ, నూకాలు గంతులే గంతులు! పచ్చపచ్చటి కాయలూ దిగాయి. ఆగలేక ఒకటి కోసి కొరికింది. థూ! లోపలంతా నీళ్ళనీళ్ళగా ఉంది.

ఇక వాటి జోలికెళ్ళలేదు. కొన్ని నెలలకి మొగుడు అప్పన్న, "తినడానికి పనికిరాదు. రేపు పొద్దున్నే దీన్ని కొట్టేసి ఇక్కడ గేదెకి పాక వేస్తా" అన్నాడు. అన్నట్టే గొడ్డలి పట్టుకొచ్చాడు. నూకాలు పరుగెత్తుకెళ్ళి చెట్టుని వాటేసుకుంది.

"నేను కదలను మావా, ఏం చేసుకుంటావో చేసుకో!"

అప్పుడు, టప్! అప్పన్న నెత్తిమీద ఒక కాయ పడింది. టప్! ఇంకోటి. టప్! మూడోది.

"ఓలమ్మో! ఇది కోసే కాయ కాదు మావా, రాలే కాయ!"

గబగబా ఎండుటాకులు పక్కకి నెట్టి చూసింది. ఎప్పుడు రాలాయో ఏమో, కింద ఎండిన గింజలు గలగలలాడుతున్నాయి! తలుపు సందులో పెట్టి నొక్కితే తలుపే కిర్రుమంది. రోకలితో కొడితే గింజ ఎగిరి పోలమ్మ గోడ దాటింది. ఆ తర్వాత అప్పన్న రాతి గుంటలో ఒక గింజ పెట్టి, గొడ్డలి తిరగేసి వెనకవైపుతో ఒక్కటిచ్చాడు. ఫట్! తెల్లటి పప్పు! నోట్లో వేసుకుని, వెన్న తిన్నట్టు కళ్ళు మూసుకున్నాడు.

"ఇంకోటియ్యవే" అన్నాడు.

ఫట్! ఫట్! గుప్పెడు పప్పయ్యేసరికి గోడమీద పోలమ్మ తల లేచింది. "మీ కాడేమయ్యా ఆ చప్పుడు?"

"అదే పోలమ్మా, మా కాడేమయ్యా!" అని అప్పన్న ఆ పప్పు పట్టుకుని చెయ్యి చాపాడు. "రా, నోరు తెరువు!"

పాక ఇంకోచోట లేచింది. గొడ్డలి మాత్రం ఆ చెట్టు కిందే ఉండిపోయింది, గింజలు కొట్టడానికి.

కథ కంచికి, కాయ రాతికి,
పప్పు నోటికి, బుజ్జి దుప్పట్లోకి!