నాంచారి కట్టిన ఫీజు

తెలివనేది తమ ఇంట్లోనే పుట్టిందనీ, ఊళ్ళో మిగతావాళ్ళు దాన్ని దూరం నుంచి చూసి సంతోషించాల్సిందేననీ మహాలచ్చమ్మ నమ్మకం. "మా ఇంట్లో ఏదైనా ఒక్కసారి చెబితే చాలు. అన్నది అన్నట్టు చేసేస్తాం" అనేది గొప్పగా. కొడుకు పేరయ్య, కూతురు నాంచారి అవునవునని తలలూపేవాళ్ళు. నిజమే పాపం, అన్నది అన్నట్టే చేసేవాళ్ళు. ఊరివాళ్ళ బాధంతా అదే.

ఆ ఏడు నాంచారికి వ్యవసాయ కాలేజీలో సీటొచ్చింది. ఇంట్లో చూస్తే ఫీజుకి డబ్బుల్లేవు. సీటు పోతుందని పిల్ల అన్నం మానేసి ఏడ్చింది. రైతు సంఘం మేడమ్ సుభాషిణి గారికి జాలేసింది.

"వేసవి సెలవుల్లో పొలం పని చేసే విద్యార్థులకి మా సంఘం సాయం చేస్తుందమ్మా. సూరన్న తోటలో చెయ్యి. కూలి ఆయనిస్తాడు. నీ గురించి ఆయన ఒక్క మంచి మాట చెప్పాడా, ఫీజు డబ్బులు మేమిస్తాం" అంది.

ఇంకేముంది! అన్నాచెల్లెళ్ళిద్దరూ తెల్లారేసరికి టమాటా తోటలో ఉన్నారు.

"చేనుకి నీళ్ళు కట్టండమ్మా, నేను సంతకెళ్ళొస్తా" అని సూరన్న వెళ్ళిపోయాడు.

"నీళ్ళు కట్టాలంటే ఏ తాడు మంచిదన్నయ్యా?"

"కొబ్బరి తాడే. నులక జారిపోతుంది."

కొబ్బరి తాడు వేసినా నీళ్ళు జారిపోయాయి. అప్పుడు నాంచారి బుర్ర పనిచేసింది. ప్లాస్టిక్ కవర్లలో నీళ్ళు పోసి, మూతులు బిగించి, కంచె పొడుగునా వేలాడగట్టింది. సూరన్న వచ్చేసరికి మొక్కలు తలలు వాల్చేశాయి, కంచె మాత్రం నీళ్ళతో కళకళలాడుతోంది.

"ఇదేంటే!"

"నీళ్ళు కట్టాం బాబాయ్. ఒక్క చుక్క కింద పడనిస్తే ఒట్టు!"

సూరన్న పళ్ళు నూరుకుని, మర్నాడు వేప మందు డబ్బా చూపించి, "దీన్నైనా సరిగ్గా కొట్టండి" అన్నాడు. అంతే, పేరయ్య దుడ్డుకర్ర తెచ్చాడు. డబ్బా పగిలి మందంతా సూరన్న నెత్తిన పడింది.

"బాబూ, మీకో దణ్ణం. ఇక నా తోటలో చెయ్యి పెట్టకండి!"

"సరే బాబాయ్" అన్నారు బుద్ధిగా. చేతులు వెనక్కి కట్టుకుని, టమాటాలన్నీ కాళ్ళతో కోశారు. సూరన్నకి మిగిలింది పచ్చడి.

సూరన్న పరుగున సంఘానికి వెళ్ళాడు. "మేడమ్, ఇలాంటి పిల్లల్ని నా జన్మలో చూడలేదు! వీళ్ళు పొలంలో ఉండాల్సినవాళ్ళు కాదు. ఎంత ఖర్చయినా సరే, చదువుకి పంపించెయ్యండి!"

ఇంత మంచి మాట ఏ రైతూ చెప్పలేదని సుభాషిణి గారు కళ్ళు తుడుచుకుంది. డబ్బు కవరు నాంచారి చేతిలో పెట్టి, "వెంటనే ఫీజు కట్టెయ్ తల్లీ" అంది. నాంచారి ఆనందం పట్టలేక ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టి, ఇంటికి పరిగెత్తి ఫీజు కట్టేసింది. అమ్మ నులకమంచం కోడుకి, కొబ్బరి తాడుతో, పీటముడి మీద పీటముడి వేసి.

"ఫీజు కాలేజీకి చేరేదాకా మంచం దిగకే అమ్మా" అన్నాడు పేరయ్య.

కాలేజీలో చేరే ఆఖరి రోజు, అన్నతో కలిసి వెళ్ళిన నాంచారిని గుమస్తా అడిగాడు. "ఫీజు కట్టావా అమ్మాయ్?"

"ఎప్పుడో కట్టేశానండీ! మా మంచానికి."

"మంచానికా! సాయంత్రంలోగా ఇక్కడ కట్టకపోతే సీటు వేరేవాళ్ళకి పోతుంది!"

 ఇద్దరూ పడుతూ లేస్తూ ఇంటికి పరిగెత్తారు. ముడి ఊడదు. ఇంకేముంది, మంచాన్నే ఎత్తుకొచ్చేశారు. మంచం మీద మహాలచ్చమ్మ.

"దిగవే అమ్మా, నడుం పడిపోతోంది!"

"ఫీజు చేరేదాకా దిగొద్దన్నది నువ్వే కదరా!"

గుమస్తా తల పట్టుకుని, బ్లేడుతో తాడు కోసి, డబ్బు తీసి కౌంటరు సొరుగులో వేసి రసీదిచ్చాడు. "హమ్మయ్య, ఇప్పుడు ఫీజు కట్టినట్టు. నీ సీటు ఖాయం" అన్నాడు. మహాలచ్చమ్మ మంచం దిగింది. నాంచారికి సంతోషంతో ఏడుపొచ్చేసింది.

పేరయ్య మాత్రం చెల్లెలి చెవిలో గొణిగాడు. "కట్టినదాన్ని విప్పించి, ఇప్పుడు కట్టినట్టంటాడేంటే? తిక్క మనిషిలా ఉన్నాడు. చదువు మొదలయ్యాక కాస్త నేర్పించు పాపం."

అప్పుడే లోపల్నుంచి పెద్ద సారు కేక వినిపించింది. "టైమైంది, ఇక కౌంటరు కట్టెయ్యండయ్యా!"

తమకింత సాయం చేసిన కాలేజీకి ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా? తెగిన తాడు చాలక మంచం నులక కూడా ఊడదీశారు. పేరయ్య అటు, నాంచారి ఇటు, మహాలచ్చమ్మ ముడుల దగ్గర. చూస్తుండగానే కౌంటరుతో పాటు గుమస్తా కూడా కుర్చీకి బిగుసుకుపోయాడు.

"విప్పండే! ముందు నన్ను విప్పండే!" అని గుమస్తా గగ్గోలు పెట్టాడు.

నాంచారి రసీదు గుండెలకి హత్తుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

"అమ్మో, ఇంకా నయం! విప్పితే మా ఫీజు కట్టినట్టు కాదు కదండీ!"