దొరగారి దోసిలి

కత్తులు అటకెక్కి ఫోన్లు చేతికొచ్చిన కాలంలో తుమ్మలకోటను ఒక దొర ఏలేవాడు. బావమరిది భుజంగరావు ఆయనకొక ఫోను కానుకిచ్చాడు. అది నత్తనడకన ఛార్జవుతుంటే, దొర మంగతాయి కొట్లో అన్నిటికన్నా పెద్దదైన వంద వాట్ల అడాప్టరు కొన్నాడు. అయినా వేగం పెరగలేదు.

"ఫోను మేలుజాతిది బావా. అడాప్టరే దగా," అన్నాడు భుజంగరావు.

మంగతాయి కొట్టుకు తాళం వేయమన్నాడు దొర.

ఆమె సభకొచ్చి, "తాళం వేసేముందు నా చేతి మజ్జిగ తాగండి దొరా. మా వీధి ఆచారం, దోసిలి పట్టాలి," అంది.

దొర దోసిలి పట్టాడు. ఇద్దరు మనుషులు నిండు గంగాళాన్ని ఎత్తి ఆ దోసిలి మీదికి వంచబోయారు. దొర చప్పున చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"ఆగండాగండి. నా దోసిలి పట్టినంతే పొయ్యండి," అన్నాడు.

"గంగాళం పెద్దదైతే దాహం త్వరగా తీరుతుందనుకున్నాను దొరా. మీ ఫోను కూడా నా అడాప్టరుతో రోజూ ఆ మాటే అంటోంది. అది అడిగినంతే ఇది పోస్తుంది."

దొర తన దోసిలి చూసుకున్నాడు. మెల్లగా తలెత్తి, "ఇంత చిన్న దోసిలి ఫోను నాకు అంటగట్టిందెవరు?" అన్నాడు.

భుజంగరావు అప్పటికే గుమ్మం బయట చెప్పులు వెతుక్కుంటున్నాడు.